అర్జీ కార్యాలయంలో ఇచ్చాను, సాయంత్రానికి పార్టీ పేజీలో కనిపించింది: దీన్ని ఏమనాలి?

ముంపుచేను (రాజోలు వైపు)

విషయం మురుగు కాలువతో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. మా ఊరి డ్రెయినులో గుర్రపుడెక్క ఎంత దట్టంగా పెరిగిందంటే, కొంగలు దాని మీద నడుచుకుంటూ అవతలి గట్టుకు పోతున్నాయి. డెక్క తీసేసినట్టు, పూడిక తోడినట్టు బిల్లు కూడా అయిపోయిందని విన్నాం. సార్వా నాట్లు వేసిన వారానికే వాన పట్టుకుని, నాకున్న ఎకరం ముప్పై సెంట్లలో సగం నీళ్ల కింద కుళ్లిపోయింది. సోమవారం ఒక కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. చేసిన పనిని కొలిచి రాసే ఎం బుక్కులో ఏమి రాశారో చూపించమని అడిగాను, అంతే. అందులో ఏ పార్టీ పేరూ లేదు.

ఆ సాయంత్రం ఏడింటికి, అధికార పక్షాన్ని రోజూ భుజాన మోసే ఒక ఫేస్‌బుక్ పేజీలో నా అర్జీ ఫొటో వచ్చింది, నా ఫోను నంబరుతో సహా. 'ప్రతిపక్షం అద్దెకు తెచ్చిన రైతు' అని పైన శీర్షిక. రాత్రి పదకొండు దాకా ఫోన్లు, తిట్లు. పాపం ఒకాయన మాత్రం కొబ్బరికాయలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు.

పేజీ నడిపేవాళ్ల మీద నాకు పెద్దగా కోపం లేదు. వాళ్ల పని వాళ్లు చేశారు. ప్రభుత్వానికి ఇచ్చిన కాగితం పార్టీ చేతికి ఎలా వెళ్లింది? ఇది కుమ్మక్కు అవునా, కాదా?

లాకుల దగ్గర

ఫోను నంబరు రాయకుండా ఉండాల్సిందండి.

ముంపుచేను

రాయకపోతే అర్జీ తీసుకోరండి.

చెరువుగట్టు (భీమవరం)

మీకు జరిగింది తప్పే. కానీ కుమ్మక్కు అనేది పెద్ద మాట. తెలుగునాట పక్షం లేని పత్రిక ఏది? ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలైంది. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు ఎటు నిలబడిందో మా నాన్నగారి తరాన్ని అడిగితే చెబుతారు. 2008లో వచ్చిన సాక్షి ఎవరి కుటుంబం పెట్టిందో చంటిపిల్లలకూ తెలుసు. పెద్ద పత్రికలు పాటించని మడిని ఊళ్లో కుర్రాడు నడిపే పేజీ పాటించాలా?

ప్రభుత్వం తన మాట చెప్పుకోవడానికి ఖర్చు పెట్టడం కూడా నేరం కాదు. ఉత్తరప్రదేశ్ 2024 ఆగస్టులో విధానమే ప్రకటించింది. పథకాల గురించి వీడియోలు చేసేవాళ్లకు యూట్యూబ్‌లో నెలకు 8 లక్షల దాకా ఇస్తామంది. చాటుమాటు ఏముంది అందులో?

ఇక మీ అర్జీ సంగతి. మీరే ఎవరికైనా వాట్సాప్‌లో పంపి ఉండవచ్చు. అక్కడి నుంచి అది ఎక్కడికైనా పోతుంది.

ముంపుచేను

పంపాను, మా బావమరిదికి. మీకు వచ్చిన అనుమానమే నాకూ వచ్చి, పేజీలోని ఫొటోను పెద్దది చేసి చూశాను. బావమరిదికి పంపింది ఇంట్లో మంచం మీద పెట్టి తీసిన ఫొటో, దాని మీద ముద్రే లేదు. నా దగ్గర ఉంచుకున్న నకలు మీద గుండ్రటి ముద్ర, తేదీ మాత్రం ఉన్నాయి. పేజీలో వచ్చిన కాగితం మీద ఇన్‌వర్డ్ నంబరు ఉంది, ఎడమ అంచున పచ్చ సిరాతో రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. కాగితం చుట్టూ బల్ల మీది అద్దం, దాని కింద పెట్టిన క్యాలెండరు ముక్క కనిపిస్తున్నాయి. గుమాస్తాలు పచ్చ సిరా వాడరు, అది పై అధికారుల సిరా. అర్జీ నా చేయి దాటి, కింది బల్ల దాటి, లోపలి గదిలోకి వెళ్లాక తీసిన ఫొటో అది.

లాకుల దగ్గర

పచ్చ సిరా అంటున్నారు కదా. ఇక గుమాస్తాను సస్పెండ్ చేస్తారు, చూస్తూ ఉండండి.

పాత విలేకరి (తణుకు)

చెరువుగట్టు గారూ, పక్షపాతం వేరు, కుమ్మక్కు వేరు. రెండూ కలిపేస్తే రెండోది తప్పించుకుంటుంది.

2009 ఎన్నికలు అయ్యాక మన పశ్చిమగోదావరి జిల్లాలోనే వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ సర్వే చేసింది, డబ్బు తీసుకుని వార్తలు వేసిన వ్యవహారం మీద. అప్పట్లో దీన్ని ప్యాకేజీ అనేవాళ్లం. ఊరేగింపు వార్తకు ఒక రేటు, ఇంటర్వ్యూకు మరొకటి, ఎదుటి అభ్యర్థి పేరు రాకుండా ఉండటానికి ఇంకొకటి. నేను పనిచేసిన పత్రిక పేరు చెప్పను, కానీ ఆ రేట్ల కాగితం నా చేతులతో పంచాను. 2010లో ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో నివేదిక రాయించింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గారు. పూర్తి నివేదికను కౌన్సిల్ తొక్కిపెడితే 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక బయటికి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్ మీద ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేసింది. కొన్న వార్తల ఖర్చు లెక్కలో చూపలేదని.

అదంతా అభ్యర్థి సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఇప్పుడు ఖర్చు మనది, మేలు వాళ్లది. 2022లో జగన్ ప్రభుత్వంలో, గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. రెండున్నర లక్షల మంది పైచిలుకు, అంటే నెలకు 5 కోట్ల పైమాట. ఎక్కువ సర్క్యులేషన్ ఉన్న పత్రిక అని రాశారు గానీ, కొనాల్సింది ఏదో ఎవరూ అడగనక్కరలేదని ఈనాడు యాజమాన్యం కోర్టుకు వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు పంపింది. మీడియా మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చిన జీవో 2430 కూడా ఆ ప్రభుత్వానిదే, 2019 అక్టోబరు. అలాగని ఎదుటి పక్షం వారు మురిసిపోనక్కరలేదు. సామాజిక మాధ్యమాల్లో తమకు గిట్టనిది రాసినవాళ్లను 2017లోనూ అరెస్టు చేశారు, 2019 తరువాతా చేశారు, 2024 తరువాతా చేశారు. అరెస్టయ్యేవాళ్ల జెండా మారింది.

ఉత్తరప్రదేశ్ విధానంలో మీరు చదవని పేరా ఒకటి ఉంది. అభ్యంతరకరమైనది పెడితే చర్య తీసుకుంటామని అందులోనే రాశారు. ఒక చేత్తో కవరు, రెండో చేత్తో కర్ర.

కాటన్‌కాలువ

మా మేనల్లుడు ఆక్లాండ్‌లో ఉంటాడు, వాడు చెబితే వెతికి చదివాను. న్యూజిలాండ్‌లో సరిగ్గా ఇలాంటిదే, ఇంకా పెద్ద స్థాయిలో జరిగింది. 2011లో అక్కడి నిఘా సంస్థ ఒక విషయం తనకు చెప్పలేదని ప్రతిపక్ష నాయకుడు ఫిల్ గోఫ్ అన్నాడు. చెప్పామని చూపించే కాగితాల కోసం అధికార పక్షానికి దగ్గరివాడైన బ్లాగరు కామెరాన్ స్లేటర్ సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టాడు. ఇతర విలేకరులకు లేదన్న కాగితాలు అతనికి అందాయి. 2014లో అతని ఈమెయిళ్లు బయటపడి గొడవైంది. నిఘా సంస్థల మీద పర్యవేక్షణ చేసే అధికారి షెరిల్ గ్విన్ నవంబరులో నివేదిక ఇచ్చారు. బయటికి ఇచ్చిన సమాచారం అసంపూర్ణం, తప్పుదోవ పట్టించేది అన్నారు. ప్రధాని కార్యాలయ ఉద్యోగి ఒకాయన ఆ బ్లాగరుతో దీని గురించి ఫోనులో మాట్లాడుతూ ఉన్నాడని కూడా తేలింది. నిఘా సంస్థ అధిపతి గోఫ్‌కు క్షమాపణ చెప్పారు.

మనకు 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. నేను 30 రోజులు ఆగి, అప్పీలుకు వెళ్లి, చివరికి 'సంబంధిత దస్త్రం లభ్యం కాలేదు' అన్న జవాబు తెచ్చుకుంటాను. అదే దస్త్రం ఫొటో ఏదో ఒక ఛానల్‌లో మధ్యాహ్నానికే కనిపిస్తుంది.

చెరువుగట్టు

న్యూజిలాండ్ కథ నేనూ చదివాను, సగం చెప్పి ఆపారు. నిఘా సంస్థ డైరెక్టరుకు పార్టీ ఉద్దేశం లేదని ఆ నివేదికే చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో ప్రధాని జాన్ కీ మళ్లీ గెలిచాడు. జనానికి పట్టని తప్పును మనం పట్టుకుని వేలాడుతున్నాం.

ఇంకో మాట. రేపు అదే కార్యాలయంలోని ఉద్యోగి ఎం బుక్కు ఫొటో తీసి ఒక ప్రతిపక్ష పత్రికకు ఇస్తే మీరంతా చప్పట్లు కొడతారు కదా? అదీ దొంగచాటుగా ఇచ్చిందే. అక్కడ వీరుడు, ఇక్కడ ద్రోహి ఎలా అవుతాడు?

పాత విలేకరి (తణుకు)

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. నా ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా ఇలా కాగితాలు ఇచ్చేవాళ్ల మీదే గడిచింది.

మన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధిని పత్రిక పెట్టారు. న్యాయస్థానాల్లో లంచాల సంగతి రాశారు. ఆయనకు పక్షం లేదా? బ్రహ్మాండంగా ఉంది, ప్రతి పేజీలో కనిపిస్తుంది. ఆయనకు సమాచారం ఇచ్చినవాళ్లు కూడా చాటుగానే ఇచ్చి ఉంటారు. కానీ ఆ కాగితం బలవంతుడి గదిలోంచి జనంలోకి వచ్చింది. ముంపుచేను గారి అర్జీ విషయంలో దారి తిరగబడింది. ఎం బుక్కు ప్రభుత్వ దస్త్రం, దాన్ని చూడటం నా హక్కు. అర్జీలోని ఫోను నంబరు ఒక రైతుది, ప్రభుత్వం దగ్గర దాచమని ఇచ్చినది. దాచమని ఇచ్చిన దాన్ని కొట్టించడానికి వాడుకున్నారు. ఈ తేడా మీకు కనిపించడం లేదంటే నేను నమ్మను, మీరు ఆక్వా చెరువుల కరెంటు రాయితీ మీద ఎన్ని అర్జీలు పెట్టి ఉంటారు!

జాన్ కీ గెలిచాడు, నిజమే. పోలింగు పెట్టెలో వేసింది పచ్చ సిరా గురించిన ఓటు కాదు.

చెరువుగట్టు

నంబరు విషయం ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. పేజీకి ప్రభుత్వం డబ్బిచ్చిందని ఇప్పటికీ ఎవరూ చూపించలేదు. లోపల ఒకడి అత్యుత్సాహాన్ని ప్రభుత్వమంతటికీ అంటగట్టడం న్యాయం కాదు.

లాకుల దగ్గర

అత్యుత్సాహం చూపినవాడికి బదిలీ వచ్చిందా, ప్రమోషన్ వచ్చిందా? అది తెలిస్తే మీ ఇద్దరి వాదనా తేలిపోతుంది.

కాటన్‌కాలువ

ముంపుచేను గారూ, ఎం బుక్కు ఒక్కటే అడగకండి. మీ అర్జీ ఏ రోజు ఏ బల్ల మీద ఉందో, కదలికల రిజిస్టరు నకలు కూడా అడగండి. పేజీకి ప్రకటనలు ఏమైనా ఇచ్చారా అన్నది వేరే దరఖాస్తుగా సమాచార శాఖకు పెట్టండి. ఒకే దాంట్లో కలిపితే దానికీ దీనికీ సంబంధం లేదని రెండూ తిప్పి పంపుతారు.

ముంపుచేను

ఈ సోమవారం వెళ్లి వచ్చాను. మండల స్థాయి కాబట్టి రుసుము 5 రూపాయలు. పది రూపాయల నోటు ఇస్తే చిల్లర లేదన్నారు, బయట టీ కొట్టులో మార్చుకొచ్చాను. ఈసారి మా కోడలి నంబరు, నా నంబరు రెండూ రాయకుండా చిరునామా మాత్రమే రాశాను, చట్టం ప్రకారం అది చాలునట. తీసుకున్న కుర్రాడు దరఖాస్తును రెండుసార్లు చదివి, తల ఎత్తకుండానే నెమ్మదిగా అడిగాడు: "బాబాయ్ గారూ, మీరు ఏ ఛానల్ తరఫున వచ్చారు?"

రైతునని చెప్పాను. రసీదు ఇచ్చాడు, నీలం సిరాతో. డ్రెయిను అలాగే ఉంది. 30 రోజుల తరువాత మళ్లీ ఇక్కడే రాస్తాను.