జూన్‌లో రెండు పూటలా బడి: ఒకటో తరగతి పిల్లలతో మధ్యాహ్నం ఏం చేస్తున్నారు?

కొండపి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు. మార్చి నుంచి ఒంటిపూట బడికి, తర్వాత సెలవులకి అలవాటు పడిన పిల్లలు జూన్ 12 నుంచి సాయంత్రం దాకా కూర్చోలేకపోతున్నారు. ఎండ చూస్తే ఏప్రిల్ ఎండే. అన్నం తిన్నాక చిన్నవాళ్ళ తలలు వాలిపోతాయి. నిన్న ఒక పాప ‘క’కి తలకట్టు పెడుతూనే పలక మీద పడి నిద్రపోయింది. బలపం ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. లేపబుద్ధి కాలేదు.

విద్యాహక్కు చట్టం అయిదో తరగతి దాకా అడిగేది ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. రోజుకి నాలుగు గంటలు. 7:45 నుంచి 12:30 దాకా నడిపే ఒంటిపూటలోనే దాదాపు అంత సమయం వస్తుంది. ఒకటి, రెండు తరగతుల వాళ్ళని అన్నం పెట్టి పంపేస్తే మేలని నాకనిపిస్తోంది. తల్లులు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు 1
టీచర్ గారూ, నేను పొగాకు గ్రేడింగ్‌కి పోతాను. ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. ఒంటిపూట బడులున్నన్నాళ్ళూ నాకు పనిలో ఒకటే టెన్షన్. మా అత్తకి చూపు ఆనదు. ఒకరోజు వచ్చేసరికి మావాడి నిక్కరు తడిసి దండెం మీద ఉంది. చేలో బావిలో దిగాడంట. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. పిల్లలు బడిలో నిద్రపోతే పోనీయండి మేడమ్, ఇంటికి మాత్రం పంపకండి.

జవాబు 2
ఉదయగిరి దగ్గర చాలా ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను. 2023లో ఎండలకి బడులు తెరిచాక కూడా కొన్నాళ్ళు ఒంటిపూటే నడిపారు. ఉత్తర్వు వస్తే సరే, మనంతట మనం పంపకూడదు. చదవడం, లెక్కలు పొద్దున్నే ముగించండి. అన్నం తిన్నాక చిన్న పిలకాయలకి చాపలేసి గంటసేపు పడుకోబెట్టండి. నాలుగు, అయిదు తరగతుల వాళ్ళకి టీచరు పూర్తిగా దక్కేది ఆ గంటే. మా బడిలో భాగహారం అప్పుడే నేర్పేవాణ్ణి. లేచాక ముఖాలు కడిగించి కథ చెప్పండి.

అడిగినవారు
పెద్దవాళ్ళకి ఆ గంట కలిసొస్తుందని నాకు తట్టలేదు సార్. రెండో గదిలో ఫ్యాను కింద నాలుగు చాపలు పడతాయి. రెండు మా ఇంట్లోవే రేపు తీసుకెళ్తాను.

అమ్మా, మీ నిక్కరు మాట చదివాక ఇంక పంపాలన్న ఆలోచన మానుకున్నాను. ఆ బావికి గట్టు ఉందా?