24 వోల్టు ఎం37 ట్రక్కుకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టొచ్చా, లేక పాయింట్లతోనే నెట్టుకురావాలా?

గ్రీజు చేతులు:

అందరికీ నమస్తే. నా దగ్గర 1953 డాడ్జ్ ఎం37 ఉంది, ముప్పావు టన్ను మిలిటరీ ట్రక్కు. ఇంజన్ అదే పాత 230 ఘనపు అంగుళాల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు పక్కన బ్లాకులోనే ఉండే రకం), ఆరు సిలిండర్లు, కరెంటు 24 వోల్టు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఇలా కొట్టగానే అలా అందుకుంటుంది, ఏ పేచీ లేదు. ఓ 40 నిమిషాలు నడిచాక మాత్రం మిస్సింగ్ మొదలవుతుంది, రెండు మూడు సార్లు తుమ్మినట్టు చేసి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి 20 నిమిషాలు ఊరికే నిలబడితే, ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది! ఏడాదిలో పాయింట్లు (తెరుచుకుని మూసుకుంటూ కరెంటు తెంపి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్‌లు) మూడు సెట్లు మార్చాను, గ్యాప్ పెట్టీ పెట్టీ ఫీలర్ గేజ్ అరిగిపోయేలా ఉంది గానీ రోగం కుదరలేదు.

ఇక విసుగొచ్చి పాయింట్ల బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేసేద్దామనుకుంటున్నా. అనుమానాలు ఏంటంటే, దీని డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకి స్పార్కు పంచేది) నీళ్ళు పోకుండా మూసేసిన డబ్బా లాంటిది, స్పార్కుకి వోల్టేజి పెంచే కాయిల్ కూడా దాని లోపలే ఉంటుంది, అందులో మాడ్యూల్ వేడికి తట్టుకుంటుందా? ఇంకోటి, కనిపించే కిట్లన్నీ 12 వోల్టువే. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి కదా, మధ్యలోంచి 12 వోల్టు లాక్కుంటే సరిపోదా? ఇప్పటికే చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఆరు సిలిండర్లు:

చేశాను అన్నా, నాలుగేళ్ళయింది, ఇంతవరకూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. మ్యాగ్నెట్ రింగు, సెన్సరు ఉండే రకం. పాయింట్లు, అవి కాలకుండా కాపాడే కండెన్సర్ తీసేసి, వాటి ప్లేటు మీదే సెన్సరు బిగించి, షాఫ్టు కామ్ మీద రింగు తొడిగితే అయిపోయింది. మెకానికల్ పని గంటన్నర కూడా పట్టలేదు. నెలల తరబడి షెడ్డులో పడున్న బండి కూడా మొదటిసారికే అందుకోవడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అంతకుముందు ప్రతిసారీ పాయింట్ల మొహాలకి పొర పట్టేసి, డబ్బా విప్పి, రుద్ది, మళ్ళీ మూయాల్సి వచ్చేది.

కానీ రెండు బ్యాటరీల మధ్యలోంచి 12 వోల్టు లాగొద్దు, దండం పెడతా. నేను మొదట ఆ తప్పే చేశాను. లోడు ఒక బ్యాటరీ మీదే పడుతుంది, ఛార్జింగ్ మాత్రం రెండిటికీ కలిపి పోతుంది. వాడుకున్నది ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది ఓవర్‌ఛార్జ్ అయి నీళ్ళు ఉడుకుతూ ఉంటాయి. ఒక్క ఏడాదిలో జత మొత్తం పోయింది. 24 వోల్టుకే చేసిన మాడ్యూల్ దొరికితే అది తీసుకో, లేకపోతే 24ని 12కి దించే కన్వర్టర్ మంచిది పెట్టు.

పాయింట్ల పంతులు:

నేను వద్దనే చెప్తాను, కారణాలు కూడా చెప్తాను.

పాయింట్లు స్పీడుకి అందుకోలేవు, ఎలక్ట్రానిక్ అయితే పికప్ పెరుగుతుంది అనే మాట ఈ ఇంజన్‌కి వర్తించదు. ఇది 3,000 ఆర్‌పీఎం దాటడమే గొప్ప. ఆరు సిలిండర్లకి తిరుగుడుకి మూడు స్పార్కుల లెక్కన అప్పుడు సెకనుకి 150. ఆ మాత్రం తెరుచుకుని మూసుకోవడం పాయింట్లకి పెద్ద పనేం కాదు. 7,000 తిరిగే ఇంజన్ అయితే వేరే సంగతి.

అసలు సంగతి, మీ రోగం పాయింట్లది కానే కాదనిపిస్తోంది. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికేవి మూడే: కండెన్సర్, కాయిల్, లేదా పైపులో పెట్రోలు ఆవిరై ఆగిపోవడం. మూడోదైతే మీరు ఎంత ఖరీదైన మాడ్యూల్ పెట్టినా బండి అదే చోట ఆగుతుంది. ఈసారి ఆగినప్పుడు చల్లారేదాకా నిలబడకండి, వెంటనే రెండు పనులు చేయండి. కార్బురేటర్ నోట్లోకి చూస్తూ థ్రాటిల్ చేత్తో తిప్పండి, పెట్రోలు సన్నటి ధారలా చిమ్ముతోందా? తర్వాత ఒక ప్లగ్గు వైరు విప్పి, దాని చివర స్పేర్ ప్లగ్గు పెట్టి, ప్లగ్గు ఒంటిని ఇంజన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. స్పార్కు ఉందా, ఉంటే నీలమా, పసుపా? పెట్రోలు ఆవిరి చుట్టుపక్కల లేకుండా చూసుకునే చేయండి ఈ రెండో పని, రెండూ ఒకేసారి వద్దు.

ఇంకో మాట, పాయింట్లు తీసేశాక పారేయలేదు కదా? వాటి మొహాలు చూడండి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె లేచి ఉంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

గ్రీజు చేతులు:

పంతులు గారూ, మూడు సెట్లూ డబ్బాలోనే దాచాను, ఇప్పుడే తీసి చూశా. భూతద్దం కూడా అక్కర్లేదు, మూడిటికీ ఒకవైపు గుంట, ఒకవైపు ఆవగింజలో సగమంత బొడిపె! కండెన్సర్ మాత్రం ఒక్కసారి కూడా మార్చలేదు, సిగ్గుగానే ఉంది చెప్పడానికి. ఆదివారం బండి తీసి ఆగేదాకా తిప్పుతా.

ఓంస్ లా:

కాయిల్ ఎన్ని ఓంలు ఉండాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఎలక్ట్రానిక్ అనగానే చాలామంది 1.5 ఓంల హై పవర్ కాయిల్ కూడా తగిలిస్తారు. బండి నడుస్తున్నప్పుడు మీ సిస్టం 28 వోల్టుల దాకా ఉంటుంది. 28ని 1.5తో భాగించండి, 18 ఆంపియర్లు పైనే. అంత కరెంటు పాత పాయింట్ల వైరింగ్‌లోంచి పోతే ముందు ఏది కాలుతుందో పందెం వేసుకోవాల్సిందే. మాడ్యూల్ ఎంత ఓంల కాయిల్ అడుగుతుందో ఖచ్చితంగా అంతే పెట్టాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్విచ్ ఆన్‌లో వదిలేసి రేడియో సంగతి చూసుకోవడం లాంటివి కూడా మానుకోవాలి, కొన్ని మాడ్యూళ్ళు ఆ పదిహేను నిమిషాల్లోనే పోతాయి.

మిలిటరీ ప్లగ్గు వైర్లకి పైన లోహపు తొడుగు ఉంటుంది, వైర్‌లెస్ సెట్లలో గరగర రాకుండా. ఆ ప్లగ్గుల్లోనే రెసిస్టర్ కూడా ఉంటుంది. అవి తీసేసి మామూలు రాగి తీగ వైర్లు, రెసిస్టర్ లేని ప్లగ్గులు వేస్తే ఆ గరగర మాడ్యూల్‌లోకి దూరి, స్పార్కు ఇష్టమొచ్చినప్పుడు కొడుతుంది. ఒరిజినల్ వైర్లు ఉంటే కదిలించొద్దు.

సైనికుడి షెడ్డు:

మధ్యలో దూరుతున్నా. నాది యుద్ధకాలం నాటి జీఎంసీ, 6 వోల్టు. మాడ్యూల్ పెట్టాక వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది గానీ అందుకోదు, తోస్తే మాత్రం వెంటనే అందుకుంటుంది. మాడ్యూల్ పాడైందా?

ఓంస్ లా:

మాడ్యూల్ కాదు బ్రదర్, బ్యాటరీ కేబుళ్ళు చూడు. సెల్ఫ్ లాగుతున్నప్పుడు 6 కాస్తా 4కి పడిపోతే మాడ్యూల్ నిద్రపోతుంది. పాయింట్లకైతే ఆ పట్టింపు లేదు, బలహీనమైన స్పార్కైనా ఇస్తాయి. 12 వోల్టు బండ్ల సన్న కేబుల్ వేసి ఉంటావు, బొటనవేలంత లావుది వెయ్యి, ఎర్త్ కేబుల్ ఛాసిస్‌కి కాకుండా, పెయింటు గీకి నేరుగా స్టార్టర్ బోల్టుకి ఇవ్వు.

గ్రీజు చేతులు:

ఆదివారం అయింది, ఇదిగో రిపోర్టు. 45వ నిమిషంలో ఆగింది. కార్బురేటర్‌లో పెట్రోలు ధార బ్రహ్మాండంగా ఉంది. కాసేపాగి స్పేర్ ప్లగ్గు పెట్టి చూస్తే స్పార్కు దాదాపు లేదు, పసుపు రంగులో అప్పుడప్పుడూ ఒకటి. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పగానే ముక్కు మండే ఘాటు వాసన కొట్టింది. లోపల ఇత్తడి ముక్కలన్నిటికీ ఆకుపచ్చటి పొడి, తిరుగుతూ స్పార్కు పంచే రోటర్ కొన తెల్లగా పొలుసులు కట్టి ఉంది. కండెన్సర్ వేలితో ముట్టుకోలేనంత వేడి.

ఇంతకీ అసలు విడ్డూరం, ఈ డబ్బాకి గాలి ఆడటానికి రెండు సన్న పైపులు ఉంటాయి కదా, ఒకటి ఎయిర్ క్లీనర్ నుంచి, రెండోది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి. పాత ఓనరు ఎయిర్ క్లీనర్ మార్చినప్పుడు మొదటి పైపు చివర ఊరికే గాలికి వదిలేశాడు. దాంట్లో కందిరీగ మట్టి గూడు కట్టింది! స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గుప్పెడు మట్టి రాలింది.

పాయింట్ల పంతులు:

అదండీ సంగతి. స్పార్కు కొట్టినప్పుడల్లా లోపల ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి, ఆ ఆక్సైడ్లు తేమతో కలిస్తే ఆమ్లమవుతుంది, ఆ పైపులున్నది వాటిని బయటికి లాగేయడానికే. అవి మూసుకుపోతే ఇత్తడికి చిలుం పడుతుంది. కొత్త కండెన్సర్, పాయింట్లు వేసి, గ్యాప్ 0.020 అంగుళం పెట్టి, స్పార్కు సరైన వేళకి పడుతోందో చూపే టైమింగ్ లైటుతో చూడండి. మార్కు ఒకచోట నిలవకుండా రెండుగా ఊగుతుంటే షాఫ్టు బుష్ (షాఫ్టు తిరిగే లోహపు గొట్టం) అరిగినట్టు, అప్పుడు పాయింట్ల గ్యాప్ మీరెంత పెట్టినా నిలవదు. కామ్ మీద గ్రీజు అగ్గిపుల్ల తల అంత చాలు, ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది.

ఆరు సిలిండర్లు:

పంతులు గారు ఒప్పుకోరు గానీ, మాడ్యూల్ పెట్టినా ఈ సమస్య పోయేదే, కండెన్సరే ఉండదు కదా. కాకపోతే ఆ మట్టి గూడు అలాగే ఉండేది, ఆ ఘాటుకి మాడ్యూల్ వైర్లు ఎన్నాళ్ళు నిలిచేవో.

గ్రీజు చేతులు:

కండెన్సర్, పాయింట్లు మార్చా, పైపు కొత్తది వేసి ఎయిర్ క్లీనర్‌కి కలిపా. నిన్న గంటా యాభై నిమిషాలు ఆపకుండా నడిపా, ఒక్క తుమ్ము లేదు. టైమింగ్ మార్కు మాత్రం కొంచెం ఊగుతోంది. కాబట్టి స్పేర్ డిస్ట్రిబ్యూటర్ ఒకటి సంపాదించి, దానికి బుష్ వేయించి, 24 వోల్టు మాడ్యూల్ అందులో పెట్టుకుంటా. పాయింట్లున్న పాత డిస్ట్రిబ్యూటర్ గ్యాప్ పెట్టి సిద్ధంగా సీటు కింద ఉంటుంది. బుష్ మార్చాక షాఫ్టుకి ఎండ్ ప్లే (పైకీ కిందికీ కదిలే సందు) ఎంత ఉంచాలో తెలిసినవాళ్ళు చెప్పండి, వేరే థ్రెడ్ వేయమంటే వేస్తా.