పీఎస్‌క్యూఎల్‌ను సర్వర్‌లోనే నడపాలా, మన ల్యాప్‌టాప్‌లోనా?

కోవూరు మిల్లు:
మాది నెల్లూరు దగ్గర బియ్యం మిల్లు. రైతుల పేర్లు, ధాన్యం రకాలు, తూకాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో తెలుగులోనే ఉంటాయి. సర్వర్ చెన్నైలో ఉంది. దూరపు యంత్రాన్ని వాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, పోస్ట్‌గ్రెస్‌కు క్వెరీలు టైపు చేసే క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌ను అక్కడే తెరుస్తాను. గత వారం సర్వర్ మారింది, నేను ల్యాప్‌టాప్ మార్చి కిట్టీ టెర్మినల్ పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఫలితం పెద్దదైతే ‘టెర్మినల్ పూర్తిగా పనిచేయడం లేదు’ అన్న అర్థంలో హెచ్చరిక వస్తోంది. ‘నెల్లూరు మసూరి’ అని ఉండాల్సిన చోట కోణపు బ్రాకెట్ల మధ్య ఈ0, బీ0, ఏ8 అని వరసగా కనిపిస్తోంది. పొడవైన క్వెరీ రాస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. సర్వర్‌లో క్లయింట్ నడపడమే తప్పని, ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం వేసుకుని ల్యాప్‌టాప్ నుంచే నడపాలని మా సహోద్యోగి అంటున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

చీమకుర్తి గ్రానైట్:
మీ సహోద్యోగి మాటే సరైనది. ఎస్‌ఎస్‌హెచ్‌లో స్థానిక 5433 పోర్టును అవతలి 5432కు కలిపి, మీ కంప్యూటర్‌లోని పీఎస్‌క్యూఎల్‌ను 5433కు తగిలించండి. టెర్మినల్ మీదే, భాష అమరిక మీదే. సర్వర్‌కు కిట్టీ తెలుసా లేదా అన్న ప్రశ్నే రాదు. మా ఆఫీసులో రాళ్ల కొలతల జాబితాలు రోజూ ఎక్సెల్‌కు తీయాలి. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కాపీ ఆదేశం ఇస్తే ఫైలు నేరుగా నా దగ్గరే పడుతుంది. అసలు డేటాబేస్ ఉన్న యంత్రంలోకి మనుషులు లాగిన్ కావడమే నాకు నచ్చదు. రాసిన ప్రతి క్వెరీ అక్కడి హిస్టరీ ఫైలులో మిగిలిపోతుంది.

కోవూరు మిల్లు:
నేను సొరంగం వాడి దెబ్బతిన్నాను, అందుకే అడుగుతున్నాను. మా దగ్గర తూకం పుట్లలో చెబుతారు, పుట్టికి 850 కిలోలు. బస్తాల లెక్కను పుట్లలోకి మార్చే అప్‌డేట్ ఒకటి బిగిన్ పెట్టి, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి, నడిపాను. కమిట్ చేసేలోపు ఫోను నెట్ పోయింది. మళ్లీ కలిశాక చూస్తే ఆ వరుసల మీద తాళం అలాగే ఉంది. కాటా దగ్గర గుమాస్తా పాత చీటీ సవరించబోతే స్క్రీన్ కదల్లేదు, బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. నెట్ తెగిన సంగతి అవతలి వైపుకు వెంటనే తెలియదు. అవతలి వైపు ఉందా అని అడిగే కీప్‌అలైవ్ మొదటి పలకరింపు లినక్స్‌లో మామూలుగా 7200 సెకన్ల తర్వాత. చివరికి కనెక్షన్లను చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీలో ఆ కనెక్షన్ వెతికి నేనే తెంపాను. లాగిన్ తెగినా పనిని సర్వర్‌లో బతికించి ఉంచే టీమక్స్ లోపల నడిపి ఉంటే తిరిగి లాగిన్ అయి, ఆగిన చోటే కమిట్ కొట్టేవాడిని.

కావలి రైలు:
మీరిద్దరూ వేరువేరు జబ్బులను ఒకే మందుతో నయం చేయాలని చూస్తున్నారు. ముందు మిల్లు వారి సమస్యలు విప్పుదాం.

కిట్టీ తన పేరు ఎక్స్‌టెర్మ్-కిట్టీ అని సర్వర్‌కు చెబుతుంది. అక్కడ ఆ పేరుతో టెర్మ్‌ఇన్ఫో వివరణ, అంటే ఆ టెర్మినల్ ఏమేం చేయగలదో చెప్పే ఫైలు, లేదు. ఆ హెచ్చరిక పీఎస్‌క్యూఎల్‌ది కాదు, పేజీలుగా చూపించే లెస్ ప్రోగ్రాముది. ల్యాప్‌టాప్‌లో ఇన్ఫోకంప్ ఆదేశంతో వివరణ తీసి, సర్వర్‌లో టిక్ ఆదేశంతో ఎక్కించండి, అది మీ హోం డైరెక్టరీలోనే ఉంటుంది. తొందరైతే సర్వర్‌లో టెర్మినల్ పేరు ఉండే టర్మ్ విలువను ఎక్స్‌టెర్మ్-256కలర్ అని పెట్టండి. టీమక్స్ వాడినా ఇది తప్పదు, ఆ వివరణ లేకపోతే అది అసలు తెరుచుకోదు.

తెలుగు విషయంలో భయపడకండి, రైతుల పేర్లు చెడిపోలేదు. పేజర్‌ను, అంటే ఆ లెస్‌ను, ఆపి చూడండి. అక్షరాలు సరిగ్గా వస్తే లోపం లెస్‌దే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు. సర్వర్‌లో భాష అమరిక అయిన లాంగ్ విలువ సీ అని ఉంటే లెస్ ఆ బైట్లను విడివిడిగా చూపిస్తుంది. సీ.యూటీఎఫ్-8 పెడితే సరిపోతుంది. అప్పుడు కూడా గళ్ల గీతలు కొంచెం వంకరగానే ఉంటాయి. ఒత్తులు, గుణింతాల వెడల్పును టెర్మినళ్లు ఒక తీరుగా లెక్కించవు. ఇది నన్ను ఏళ్లుగా బాధిస్తున్న విషయం.

కోవూరు మిల్లు:
రెండూ పోయాయి, కృతజ్ఞతలు. క్వెరీ అతుక్కోవడం మాత్రం పోలేదు.

కావలి రైలు:
ప్రాంప్ట్‌కు రంగు వేశారా?

కోవూరు మిల్లు:
వేశాను. అసలు డేటాబేస్ అని గుర్తుండాలని ఎరుపు పెట్టాను.

కావలి రైలు:
అదే కారణం. రంగు సంకేతాలకు ఇరువైపులా శాతం గుర్తుతో కూడిన చదరపు బ్రాకెట్లు పెట్టాలి. లేకపోతే కనిపించని ఆ అక్షరాలను కూడా, టైపు చేసే వరుసను చూసుకునే రీడ్‌లైన్ వెడల్పులో లెక్కేస్తుంది, వరుస ఎక్కడ మడవాలో తప్పుతుంది. గ్రానైట్ గారూ, ఈ ప్రాంప్ట్ ఫైలును ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుంటే జబ్బు కూడా వెంట వస్తుంది, సొరంగం దాన్ని ఆపదు.

చీమకుర్తి గ్రానైట్:
అది ఒప్పుకుంటాను. తాళం సంగతిలో మాత్రం తప్పు సొరంగానిది కాదు. టీమక్స్ లేకుండా నేరుగా లాగిన్ అయినా అదే జరిగేది. సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్‌లో, అవతలి వైపు ఉందా అని ఎన్ని సెకన్లకు అడగాలో చెప్పే క్లయింట్ అలైవ్ ఇంటర్వెల్ 60 పెట్టండి. తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్‌ను గడువు దాటాక తెంపే అమరిక పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచీ ఉంది, 5 నిమిషాలు పెట్టుకోండి. టీమక్స్‌లో బిగిన్ కొట్టి నిద్రపోయిన మనిషి వల్ల కూడా గుమాస్తా ఆగిపోతాడు కదా.

కోవూరు మిల్లు:
ఆ గడువు ఈ రాత్రే పెడతాను. చూడడానికి, జాబితాలు తీయడానికి సొరంగం వాడతాను. తూకాలు మార్చే పని మాత్రం టీమక్స్‌లోనే చేస్తాను, అందులో మీరు నన్ను ఒప్పించలేదు.