ఆరేళ్లలోపే మనిషి ఖరారైపోతాడా? మా మూడో తరగతి పిల్లవాడి మీద పడిన ముద్ర గురించి

మక్తల్ వైపు టీచర్

నేను ప్రభుత్వ ప్రాథమిక బడిలో పని చేస్తున్నాను. మా మూడో తరగతిలో ఒక పిల్లవాడు రోజంతా చొక్కా కాలరు నములుతూ కూర్చుంటాడు. ఏడాది నిండకముందే వాడిని నాయనమ్మ దగ్గర వదిలి అమ్మానాన్న బొంబాయికి బిల్డింగ్ పనికి పోయారు. పండక్కి వస్తారు, పోతారు. మొన్న స్టాఫ్ రూంలో తోటి టీచర్ ఒకరు, "వాడు నోటి దశలోనే ఆగిపోయాడు మేడం. పాలు తాగే వయసులో తల్లి దూరమైంది కదా, ఇక మారడు" అన్నారు. ఈ దశల సిద్ధాంతం చెప్పిన వియన్నా మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్‌ను మేమందరం పరీక్ష కోసం చదివినవాళ్లమే. ఆ చదివిన ముక్కతో ఎనిమిదేళ్ల పిల్లవాడి జీవితం మొత్తం చెప్పేయవచ్చా? నాకు మనసొప్పడం లేదు, కానీ ఎదురు చెప్పడానికి సరైన వాదన నా దగ్గర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ, టెట్‌కు చదువుతున్నాను

మేడం, ఆ సార్ చెప్పింది సిద్ధాంతం ప్రకారం సరైనదే. ఫ్రాయిడ్ 1905లో లైంగికత మీద రాసిన మూడు వ్యాసాలు దీనికి పునాది. ఏడాది, ఏడాదిన్నర వరకు బిడ్డకు సుఖమంతా నోటితోనే, అదే నోటి దశ. తర్వాత మూడేళ్ల దాకా ఆసన దశ, అంటే మలమూత్రాల మీద అదుపు వచ్చే వయసు. మూడు నుంచి ఆరు దాకా లింగ దశ: తల్లి మీద మమకారం, తండ్రితో పోటీ అప్పుడే. ఆ తర్వాత ఆ కోరికలు అణిగి ఉండే గుప్త దశ, ఈడొచ్చాక జననేంద్రియ దశ. ఏ దశలోనైనా అవసరం తీరకపోయినా, మరీ ఎక్కువగా తీరినా మనసు కొంత అక్కడే చిక్కుకుపోతుంది. దాన్నే స్థిరీకరణ అంటారు. గోళ్లు కొరకడం, కాలరు నమలడం దానికి గుర్తులు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లూ అన్నారు కదా.

దేవరకొండ వైపు అంగన్‌వాడీ టీచర్

తమ్ముడూ, నువ్వు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తీరకపోయినా చిక్కుకుంటారు, ఎక్కువ తీరినా చిక్కుకుంటారు. మరి ఎవరు బయటపడతారు?

మా తండాల్లో కొందరు తల్లులు మూడేళ్లు వచ్చినా పాలిస్తారు. కొందరు మళ్లీ నెల తప్పగానే వేపాకు నూరి రాసి ఒక్క రోజులో మాన్పిస్తారు. ఇద్దరి పిల్లలూ నా సెంటర్‌కే వస్తారు. వేలు చీకేవాళ్లు రెండు వైపులా ఉన్నారు, చీకనివాళ్లూ రెండు వైపులా ఉన్నారు. ఏది జరిగినా సరిపోయే మాటను నిజమో కాదో ఎట్లా తేల్చాలి?

ఆసన దశ సంగతి కూడా చెప్తాను. ఊళ్లో చిన్నపిల్లవాడు వాకిట్లోనో గట్టు మీదనో కూర్చుంటాడు. అక్కను చూసి నేర్చుకుంటాడు. టైం పెట్టి కూర్చోబెట్టేవాళ్లు, తప్పు చేశావని కొట్టేవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. వియన్నా ఇళ్లలో జరిగిన గొడవ మా వాకిళ్లలో జరగనే లేదు. మరి ఆ దశ మా పిల్లలకు ఎట్లా వర్తిస్తుంది?

మహబూబ్‌నగర్, రిటైర్డ్ లెక్చరర్

అంగన్‌వాడీ అమ్మ చాలా ముఖ్యమైన చోట చెయ్యి పెట్టింది. నేను చాలా ఏళ్లు సైకాలజీ పాఠం చెప్పాను. ఈ అయిదు దశలను బోర్డు మీద లెక్కలేనన్ని సార్లు రాశాను. ఒక్కటి మాత్రం ఆలస్యంగా గ్రహించాను. ఫ్రాయిడ్ ఈ దశలను పసిపిల్లలను చూసి రాయలేదు. ఎక్కువగా పెద్దవాళ్లయిన రోగులు తమ బాల్యం గురించి చెప్పుకున్నదాని నుంచి వెనక్కి లెక్కగట్టారు. పిల్లవాడి కేసు అని అందరూ చెప్పేది 1909లో అచ్చయిన చిన్న హాన్స్ కథ. గుర్రాలంటే భయపడే అయిదేళ్ల పిల్లవాడు. వాడిని గమనించి రాసి పంపింది తండ్రి. ఆ వైద్యం నడిచినంత కాలం ఫ్రాయిడ్ ఆ పిల్లవాడిని ఒక్కసారే చూశారు.

తండ్రితో పోటీ అన్నదానికి కూడా అప్పట్లోనే అడ్డం పడింది. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి చూశాడు. అక్కడ పిల్లల మీద పెత్తనం మేనమామది, తండ్రి ఆడించేవాడు. పిల్లవాడి కోపం కూడా మేనమామ మీదే ఉంటుందని 1927లో పుస్తకమే రాశాడు. మన దగ్గర మేనమామ అంటే ముద్దు చేసేవాడు, రేపు పిల్లనిచ్చేవాడు కూడా కావచ్చు. ఇల్లు మారితే కథ మారుతుంది. 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌ను గౌరవించినవారే. అయినా అంగచ్ఛేద భయం, అంటే తండ్రి తన అంగాన్ని కోసేస్తాడన్న భయం, యూరప్ రోగుల్లో ఉన్నంత స్పష్టంగా తన భారతీయ రోగుల్లో కనిపించడం లేదని ఫ్రాయిడ్‌కే రాశారు.

అట్లని ఫ్రాయిడ్‌ను తీసి పారేయను. పసిబిడ్డ మనసులో జరిగేది పెద్దయ్యాక కూడా వెంట వస్తుందని లోకాన్ని ఒప్పించినవారిలో ఆయనే ముందు. ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర శిక్షణ పొందిన మనోవిశ్లేషకుడు ఎరిక్సన్ 1950లో ఎనిమిది దశలు చెప్పాడు, ముసలితనం దాకా. ఒక్కో దశలో రెండిటి మధ్య పెనుగులాట: మొదటిది నమ్మకం, అపనమ్మకం. బడి వయసుది శ్రమించడం, న్యూనత (నాకు చేతకాదన్న భావన). టీచర్ గారూ, మీ పిల్లవాడు ఇప్పుడున్నది ఆ దశలోనే. "ఇక మారడు" అని బడిలోనే అంటే, న్యూనత ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా?

నల్లగొండ, టెట్‌కు చదువుతున్నాను

సార్, నోటి దశ మాట వదిలేస్తాను. కానీ తొలి ఏళ్లు ముఖ్యం కావు అంటే ఒప్పుకోను. బ్రిటిష్ మనోవైద్యుడు బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక తల్లి ఎడబాటు గురించే కదా. రుమేనియా అనాథాశ్రమాల నుంచి ఇంగ్లండ్‌కు దత్తత వెళ్లిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఆరు నెలల లోపు వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. ఆ తర్వాత వెళ్లినవాళ్లలో చాలామందికి ఇబ్బందులు పెద్దయ్యాక కూడా మిగిలాయి. ఇది పెద్దవాళ్ల జ్ఞాపకం కాదు, కళ్లతో చూసిన సాక్ష్యం.

మహబూబ్‌నగర్, రిటైర్డ్ లెక్చరర్

మంచి ఉదాహరణే. కానీ ఆ ఆశ్రమాల్లో ఆ పిల్లలను ఎత్తుకునే చెయ్యి ఒక్కటీ లేదు. బౌల్బీ కూడా తల్లి, లేదా తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మనిషి అనే రాశాడు. ఈ పిల్లవాడికి నాయనమ్మ ఉంది.

కోస్గి వాడిని, ఇప్పుడు హైదరాబాద్‌లో

మీరంతా చదువుకున్నవాళ్లు. నేను ఆ పిల్లవాడి లాంటివాడిని. మా అమ్మానాయినలు పూణేకు పోయినప్పుడు నాకు పది నెలలట. పాలమూరు లేబర్ అంటే ఎట్లుంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక ఉగాదికి అమ్మ వచ్చింది. నేను నాయనమ్మ కొంగు వెనక దాక్కున్నాను. అమ్మ చేతిలో బిస్కెట్ పుడా, ముఖమంతా ఏడుపు. ఇది నాకు నిజంగా గుర్తుందో, అందరూ చెప్పగా చెప్పగా గుర్తున్నట్టు అయిందో తెలియదు. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా బ్యాగు సర్దితే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. నాయనమ్మ ఉంది కాబట్టి ఏమీ కాలేదు అనకండి సార్, దయచేసి. నాయనమ్మ నన్ను బతికించింది. అమ్మ లేని లోటు మాత్రం లోటే.

అదే నోటితో ఇంకోటి చెప్తాను. ఏడో తరగతిలో మా లెక్కల సార్ రోజూ నన్ను పేరు పెట్టి పిలిచి బోర్డు దగ్గరికి రమ్మనేవారు. అప్పటిదాకా బడిలో నోరు విప్పనివాడిని. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఏ పుస్తకం లెక్క ప్రకారం చూసినా నా గడువు ఎప్పుడో దాటిపోయింది.

దేవరకొండ వైపు అంగన్‌వాడీ టీచర్

తమ్ముడూ, చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. మక్తల్ టీచర్ గారూ, కాలరు నమలడం ఎప్పుడు మొదలైందో నాయనమ్మను అడిగారా?

మక్తల్ వైపు టీచర్

అప్పటికి అడగలేదక్కా. నిన్న సాయంత్రం బడి అయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె చెప్పింది: చిన్నప్పుడు వాడికి వేలు చీకే అలవాటే లేదు. మొన్న దసరాకు అమ్మానాన్న వచ్చినప్పుడు వాడి చెల్లెలిని బొంబాయి తీసుకుపోయారు, వాడిని ఇక్కడే ఉంచారు. కాలరు నమలడం ఆ వారంలో మొదలైందట. పాలు తాగే వయసు దాకా వెనక్కి వెతుకుతున్నాం మేము. కారణం మూడు నెలల కిందే ఉంది.

తోటి టీచర్‌కు ఈ సంగతి చెప్పాను. "అయినా మూలం అక్కడే ఉంటుంది మేడం" అన్నారు. మా వాదన తెగలేదు. అమ్మ ఫోన్ నంబర్ నాయనమ్మ దగ్గర తీసుకున్నాను. ఆదివారాలు పని ఉండదట, వీడియో కాల్ చేయించమంది. మొదటిసారి ఈ ఆదివారం మా ఇంట్లోనే చేయిస్తున్నాను. చెల్లెలిని కూడా ఫోన్ ముందు కూర్చోబెట్టమని చెప్పాను.