మట్టి జెర్రి కనిపిస్తే చంపాలా, వదిలేయాలా?

మట్టిచేతులు: నిన్న మొక్క పాదు తవ్వుతుంటే పసుప్పచ్చగా, దారంలా సన్నటి జెర్రి బయటపడింది. గుండ్రంగా చుట్టుకుని ఉంది, మధ్యలో గుడ్ల గుత్తి. చంపేయమని ఇంట్లో ఒకటే గోల. నాకు చెయ్యి రాలేదు. ఏం చేయను?

వానపాము నేస్తం: చంపేయండి. అది వానపాముల్ని తింటుంది. తనకంటే లావున్నదాన్ని కరిచిపట్టుకుని ఎంతకీ వదలకపోవడం నా కళ్ళతో చూశాను. నెలల తరబడి ఎరువేసి వానపాముల్ని పెంచేది దీన్ని మేపడానికా? పైగా వేర్లు కొరుకుతుందంటారు.

కాళ్ళలెక్క: వేర్ల దగ్గరే పొరపాటు పడుతున్నారు. వేర్లు కొరికేది సింఫైలా అనే వేరే జీవి. తెల్లగా, సెంటీమీటరు కూడా ఉండదు, పెద్దయ్యాక 12 జతల కాళ్ళు. దాన్నీ తోట జెర్రి అనే పిలవడంతో ఆ నింద దీని మీద పడింది.

మట్టి జెర్రులది జియోఫిలోమార్ఫా అనే వర్గం. కాళ్ళు 27 జతల నుంచి 191 జతల దాకా, అదీ ఎప్పుడూ బేసి సంఖ్యే. వంద కాళ్ళంటే 50 జతలు, అది సరి సంఖ్య. కాబట్టి సరిగ్గా వంద కాళ్ళున్నది వీటిలో దొరకదు! కళ్ళు అసలే లేవు. ఈ వర్గంలోని స్ట్రిగామియా మారిటిమా అనే జెర్రి జన్యుపటం 2014లో వచ్చింది. వెలుగును పసిగట్టే జన్యువులుగా మనకు తెలిసినవేవీ అందులో కనబడలేదు. మీసాలతో తడుముకుంటూ, ఒళ్ళు సాగదీసి కుదించుకుంటూ మట్టిలో దూరిపోతుంది. కోరలనుకునేవి కూడా నిజానికి విషం నింపుకున్న మొదటి జత కాళ్ళే.

వానపాము నేస్తం: సరే, వేర్ల మాట వెనక్కి తీసుకుంటున్నా. వానపాముల సంగతేంటి?

కాళ్ళలెక్క: తింటుంది, కాదనను. మట్టిలోని పురుగుల పిల్లల్నీ తింటుంది కదా, అదెందుకు లెక్కలోకి రాదు? డబ్బాలో వానపాముల్ని పెంచుతుంటే జెర్రిని ఏరి బయట వదలండి, ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేలలో మాత్రం రెండూ ఎప్పటినుంచో కలిసే బతుకుతున్నాయి. అక్కడ చంపడం అన్యాయం.

మట్టిచేతులు గారూ, మీరు చూసింది తల్లి. పిల్లలు కాస్త ఎదిగేదాకా అలా చుట్టుకునే కాపలా కాస్తుంది. కదిలిస్తే గుడ్లు వదిలేసి పోవచ్చు, తనే తినేయనూవచ్చు. మళ్ళీ తవ్వి చూడకండి.

మట్టిచేతులు: అప్పుడే పైన తడిమట్టి కప్పేశాను. ఆ పాదు జోలికి ఇప్పట్లో వెళ్ళను.

వానపాము నేస్తం: మీ పాదు మీ ఇష్టం. నా డబ్బాలో కనిపిస్తే మాత్రం ఉంచను. చంపను లెండి, దూరంగా వదిలేస్తా.