వ్యాపారస్తుడు మేయర్ అయితే ఊరు బాగుపడుతుందా?

గాంధీరోడ్డు కుర్రోడు:
మాకు తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి. షట్టరు దించేటప్పుడల్లా మా నాన్న, పక్కంగడి మామ ఒకటే వాదన. "రూపాయి విలువ తెలిసినోడే మేయర్ కావాలి" అంటాడు నాన్న. నిన్న న్యూయార్క్ మేయర్‌గా చేసిన వ్యాపారి బ్లూంబర్గ్ పేరు కూడా వచ్చింది. ఆయన నిజంగా ఏం చేశాడు? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

పాత బిల్లు కలెక్టర్:
నాయనా, మున్సిపల్ ఆఫీసులో ఇంటి పన్ను వసూలు చేసి రిటైరైనవాణ్ణి. మా కళ్లకు కనిపించేది వేరేగా ఉంటుంది.

మైకేల్ బ్లూంబర్గ్ తండ్రి పాల కంపెనీలో లెక్కలు రాసేవాడు. కొడుకు సాలమన్ బ్రదర్స్ అనే షేర్లు, బాండ్ల కంపెనీలో 15 ఏళ్లు పనిచేశాక, 1981లో కంపెనీ చేతులు మారి ఉద్యోగం పోయింది. వాటా కింద వచ్చిన కోటి డాలర్లతో, బాండ్ల (అప్పు పత్రాల) ధరలు తెరమీద చూపించే కంప్యూటర్ వ్యాపారం పెట్టాడు. 2002 నుంచి 2013 దాకా మేయర్. జీతం ఏడాదికి ఒక్క డాలరు. దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, అంత డబ్బున్నవాడికి అదేం కష్టం!

నాకు నచ్చింది 2003లో తెచ్చిన 311 నంబరు. చెత్త, గుంత, శబ్దం, ఏ గోలైనా ఒకే ఫోన్. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు. మా ఆఫీసులో కుళాయికి ఒక రిజిస్టరు, వీధి దీపానికి ఇంకోటి. సంతకం పెట్టే మనిషి టీకి పోతే, జనం ఆ కిటికీకీ ఈ కిటికీకీ తిరిగేవాళ్లు. పైగా ఆయన తనకని గది పెట్టుకోలేదు. హాల్లో సిబ్బంది మధ్యలోనే బల్ల వేసుకున్నాడు. ఇది మాత్రం షేర్ల కంపెనీ అలవాటే.

బైరాగిపట్టెడ:
అంత పొగడకండి సార్. మేయర్‌గా రెండుసార్లే ఉండాలన్న రూలును 2008లో కౌన్సిల్ చేత మార్పించి, 2009లో సొంత డబ్బు పది కోట్ల డాలర్లకు పైగా పోసి, ఐదు శాతం లోపు తేడాతో గెలిచాడు. 2011 ఒక్క ఏడాదిలోనే పోలీసులు 6.8 లక్షలకు పైగా సార్లు రోడ్డుమీద జనాన్ని ఆపారు. ఎక్కువ మంది నల్లవాళ్లు, లాటినోలే (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు). పోలీసులు ఆపిన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో కోర్టు చెప్పింది.

పాత బిల్లు కలెక్టర్:
నిజమే బాబూ, కాదనను. అయితే అంగట్లో వాదించేవాళ్లు ఇంకోటి మరిచిపోతున్నారు. అక్కడ శాఖల కమిషనర్లను మేయరే పెట్టుకుంటాడు. మన దగ్గర కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం పంపిస్తుంది, ఫైలు కదిలేది ఆయన సంతకంతో. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయితే తొలి ఎన్నిక 2021లో జరిగింది. అన్నేళ్లు ఊరికి మేయరే లేడు. ఇప్పుడూ మేయర్‌ను ఎన్నుకునేది మనం కాదు, 50 డివిజన్ల కార్పొరేటర్లు.

గాంధీరోడ్డు కుర్రోడు:
అంతా నాన్నకు చదివి వినిపించాను సార్. ఆయన అడిగింది ఒక్కటే. "పన్నెండేళ్లు అంగడి ఎవరు చూసుకున్నారు?"

పాత బిల్లు కలెక్టర్:
వాటా తనదే. నడిపే పని వేరేవాళ్లకు అప్పజెప్పాడు. పదవి దిగాక 2014లో వచ్చి మళ్లీ తనే సీఈఓ అయ్యాడు.