దైవశాస్త్రవేత్తకు తత్త్వశాస్త్ర పీఠం ఇవ్వవచ్చునా? పాల్ టిల్లిక్ ఉద్యోగ జీవితంపై చర్చ

ఒంగోలు చదువరి:
1912లో పాస్టరుగా అభిషేకం పొంది, మార్‌బుర్గ్‌లో దైవశాస్త్రం బోధించిన జర్మన్ పండితుడు పాల్ టిల్లిక్‌ను 1929లో ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం తత్త్వశాస్త్ర ఆచార్యునిగా నియమించింది. అది పొరపాటని నా అభిప్రాయం. మనిషి ఉనికిలోని ప్రశ్నలను తత్త్వశాస్త్రం విప్పి చెబుతుందనీ, వాటికి జవాబులు దైవ ప్రత్యక్షత (దేవుడు తనను తాను మనిషికి తెలియజేసుకోవడం) నుంచి వస్తాయనీ 'సిస్టమాటిక్ థియాలజీ' మొదటి సంపుటంలో (1951) ఆయనే తన పద్ధతిని వివరించారు. జవాబును ముందే నమ్మినవారు అడిగే ప్రశ్న తత్త్వవేత్త ప్రశ్న ఎలా అవుతుంది?

కావలి విశ్రాంత అధ్యాపకుడు:
అయ్యా, మీ ఆక్షేపణ బలమైనదే. అయితే 1951 నాటి పుస్తకంతో 1929 నాటి నియామకాన్ని తూచడం న్యాయం కాదు. ఆయన 1910లో బ్రెస్లావులో డాక్టరేటు పొందినది జర్మన్ తత్త్వవేత్త షెల్లింగ్ తత్త్వం మీద; రెండేళ్ల తరువాత హాలెలో దైవశాస్త్ర పట్టాకు రాసినదీ ఆ షెల్లింగ్ మీదనే. ఆచార్యుని విశ్వాసం ఏదైనా, ఆయన వద్ద చదివినవారికి ఎంత స్వేచ్ఛ దొరికిందో చూడాలి. తరువాత పేరుపొందిన జర్మన్ తత్త్వవేత్త అడోర్నో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన మొదటి అధ్యాపక అర్హత గ్రంథాన్ని హాన్స్ కొర్నేలియస్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యునికి సమర్పించి, చివరకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. డెన్మార్క్ క్రైస్తవ తత్త్వవేత్త కీర్కెగార్డ్‌ను నిశితంగా విమర్శిస్తూ అడోర్నో రాసిన రెండో గ్రంథం 1931లో ఆమోదం పొందినది టిల్లిక్ వద్దనే. నేను డిగ్రీ తరగతులకు తర్కం చెప్పిన రోజుల్లో పాస్టర్ల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే నన్ను ఎక్కువగా నిలదీసేవారు. విశ్వాసం ప్రశ్నను చంపుతుందన్న మాటను అందుకే నేను అంగీకరించలేను. పాస్టర్లకు శిక్షణనిచ్చే రామాయపట్నం సెమినరీ వెలసిన మన సీమలో క్రైస్తవులు థియాలజీని 'వేదాంతం' అనే పిలుస్తారు, శంకరుల దర్శనానికీ మనం వాడేది ఆ మాటే.

ఒంగోలు చదువరి:
మాస్టారూ, మాట ఒకటైనంత మాత్రాన శాస్త్రం ఒకటి కాదు. అడోర్నో విషయం మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ఆ ఒక్కచోట నా మాట సడలించుకుంటాను. కానీ 1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం టిల్లిక్‌ను పదవి నుంచి తప్పించాక, న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీ ఆచార్యులు తమ జీతాల్లో నూటికి ఐదు వంతులు వదులుకొని ఆయనకు చోటు కల్పించారు. 1940లో అక్కడే పూర్తి ఆచార్య పదవి ఇచ్చినప్పుడు దానికి 'తాత్త్విక దైవశాస్త్రం' అని పేరు పెట్టారు. ఆయన పనికి సరిపోయే పేరు అదే కదా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు:
సరిపోయే పేరే, ఒప్పుకుంటాను. అయితే ఆ పేరు సెమినరీ అవసరాన్ని బట్టి వచ్చింది. నలభై ఏడేళ్ల వయసులో ఇంగ్లిషు నేర్చుకుంటూ పాఠం చెప్పిన మనిషికి 1955లో హార్వర్డ్ ఇచ్చిన 'యూనివర్సిటీ ప్రొఫెసర్' పదవి ఏ ఒక్క శాఖకూ కట్టుబడనిది. ఫ్రాంక్‌ఫర్ట్ వారు 1929లో ఇవ్వదలచినదీ అటువంటి చోటేనని నేను అనుకుంటున్నాను, కాకపోతే దానికి తగిన పేరు అప్పుడు వారి వద్ద లేదు.